చాసీ ఒకరిది, బాడీ ఒకరిది

1950లో వచ్చిన ‘సన్‌సెట్ బూలెవార్డ్’ సినిమా చూసినవాళ్ళకి అందులోని కారు గుర్తుండే ఉంటుంది. మూకీల కాలంలో ఒక వెలుగు వెలిగి మరుగున పడిపోయిన తార నోర్మా డెస్మండ్. స్టూడియో నుంచి అదేపనిగా ఫోన్లు వస్తుంటే, తను రాసిన కథ వాళ్ళకి నచ్చిందనుకుని ముస్తాబై బయల్దేరుతుంది. తీరా చూస్తే వాళ్ళకి కావలసింది ఆవిడా కాదు, ఆవిడ కథా కాదు, ఆవిడ కారు. అదీ వేరే సినిమా కోసం అద్దెకి. ఆ కారు మిలాన్ నగరంలో ఇసొట్టా ఫ్రాస్కీని కంపెనీ చేసిన టీపో 8ఏ. దాని మీద బాడీ అదే ఊళ్ళోని కస్తాన్యా వాళ్ళది. డ్రైవరు వేషం వేసిన ఎరిక్ వాన్ స్ట్రోహైమ్‌కి డ్రైవింగ్ రాదు. అందుకని షూటింగులో ఆ కారుని ఇంకో బండితో లాగించారు.

రెండు ప్రపంచయుద్ధాల మధ్య ఇటలీలో తయారైన ఖరీదైన కార్ల గురించి మనం చదివే రాతలు చాలావరకు ఆ షూటింగులాంటివే. కారు కనిపిస్తుంది, ఇంజను మాత్రం తిరగదు. ఫెండర్ల ఒంపు, హెడ్‌లైట్ల తళుకు, తోలు సీట్లు, ఎక్కిన సినిమా తారల పేర్లు. హాల్లో టీపాయ్ మీద పెట్టుకునే పెద్ద పెద్ద బొమ్మల పుస్తకాల నిండా ఇవే. నాకు ఈ పిచ్చి కాస్త ఎక్కువే కాబట్టి ఆ పుస్తకాలు నా దగ్గరా ఉన్నాయి. వాటి మీద నా ఫిర్యాదు ఒక్కటే. అవి కారుని విగ్రహంలా చూస్తాయి. అది ఎలా నిలబడిందో అడగవు.

నా ఉద్దేశంలో ఆ కార్ల గొప్పదనం పై రేకులో లేదు. ఇంజనులోనూ పూర్తిగా లేదు. కింద ఉన్న చాసీకీ పైన ఉన్న బాడీకీ మధ్య ఒక అతుకు ఉంటుంది, దాంట్లో ఉంది. ఆ అతుకు ఎక్కడ పెట్టాలి, అసలు ఉండాలా వద్దా అని ఇటలీ ఇంజనీర్లు ఇరవయ్యేళ్ళు వాదించుకున్నారు. నోటితో కాదు, కార్లతో. మూడు కార్లు ఆ వాదనకి మూడు జవాబులు. వాటిలో ఏది గొప్పదో తేల్చే ప్రయత్నమే ఈ వ్యాసం.

*

చాసీ అంటే ఏమిటో విజయవాడ ఆటోనగర్ ఎరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మా చిన్నప్పుడు ఫ్యాక్టరీ నుంచి లారీ లారీగా వచ్చేది కాదు. రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, వాటి మీద ఇంజను, కింద చక్రాలు, ఒక సీటు, ఒక స్టీరింగు, అంతే. తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకుని డ్రైవరు ఎండలో వానలో దాన్ని అలాగే వందల మైళ్ళు తోలుకొచ్చేవాడు. ఓనరు దాన్ని ఆటోనగర్‌లో అప్పజెప్పి బాడీ కట్టించుకునేవాడు. చెక్క ఎంత, ఇనుము ఎంత, ఏ రంగు, వెనకాల ఏం రాయించాలి, అన్నీ ఆయన ఇష్టం.

1920ల్లో మిలాన్‌లోనో పారిస్‌లోనో కోటీశ్వరుడు కారు కొనడం కూడా సూత్రంలో ఇంతే. ఇంజనూ చాసీ ఒక కంపెనీ దగ్గర కొనేవాడు. దాన్ని తీసుకెళ్ళి తనకి నచ్చిన బాడీ కట్టేవాళ్ళకి ఇచ్చేవాడు. కస్తాన్యా, చేజారె సాలా లాంటి పేర్లు అలా వచ్చినవే. గుర్రపు బగ్గీలు కట్టిన చేతులే ఇప్పుడు మోటారు బగ్గీలు కట్టాయి.

మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఇలాంటి అతుకుని ఇంటర్‌ఫేస్ అంటాం. ఇరవయ్యేళ్ళుగా నాకు జీతం వస్తున్నది దాదాపు ఈ అతుకుల పుణ్యానే. ఒకరు రాసిన బిల్లింగ్ సిస్టమూ ఇంకొకరు రాసిన గోడౌన్ సిస్టమూ విడివిడిగా రెండూ రత్నాలే. కలిపిన రోజునుంచీ మొదలవుతుంది అసలు కథ. అతుకు ఉంటే సుఖం ఏమిటంటే ఎవరి పని వాళ్ళు చేసుకోవచ్చు. కష్టం ఏమిటంటే అవతలివాడు ఏం చేస్తాడో తెలియదు కాబట్టి ప్రతివాడూ అవసరానికి మించి జాగ్రత్త పడతాడు. ప్రోగ్రాములో ఆ అదనపు జాగ్రత్త వేల లైన్ల కోడ్‌గా కనిపిస్తుంది. కారులో బరువుగా కనిపిస్తుంది.

*

మొదటి జవాబు ఇసొట్టా ఫ్రాస్కీని. అతుకుని అలాగే ఉంచు, రెండువైపులా బలం పెంచు, అన్నది దాని పద్ధతి.

టీపో 8 కారుని 1919లో ప్రకటించారు. ఎనిమిది సిలిండర్లు వరసగా నిలబెట్టిన ఇంజనుతో జనానికి అమ్మడం కోసం తయారైన మొదటి కారుగా దానికి పేరు. గీసినవాడు జుస్తీనో కత్తానేయో. ఇంజను 5.9 లీటర్లు, శక్తి సుమారు 80 హార్స్‌పవర్. నాలుగు చక్రాలకీ బ్రేకులు. అప్పటికి చాలా కంపెనీలకి లేని ఆ పనిని ఇసొట్టా వాళ్ళు మొదటి యుద్ధానికి ముందే మొదలుపెట్టారు. 1924లో వచ్చిన 8ఏలో ఇంజను 7.4 లీటర్లకి పెరిగింది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరమే దాదాపు 3.7 మీటర్లు.

ఇంత పెద్ద ఇంజను ఎందుకు? పందెం గెలవడానికి కాదు. కత్తానేయోకి తన చాసీ మీద ఏం ఎక్కుతుందో తెలియదు. ఇద్దరు కూర్చునే తేలికపాటి బండి కావచ్చు. ఏడుగురు కూర్చునే, డ్రైవరుకీ యజమానికీ మధ్య గాజు తలుపున్న లిమొజీన్ కావచ్చు. ఏది ఎక్కినా లాగాలి. అదీ మాటిమాటికీ గేరు మార్చకుండా, లోపల కూర్చున్న దొరసాని చేతిలో గ్లాసు తొణకకుండా లాగాలి. అందుకే గేర్లు మూడే. అందుకే నింపాదిగా తిరుగుతూ బోలెడు బలం ఇచ్చే ఇంజను. బాడీ వైపునుంచి ఏ సాయమూ రాదన్న లెక్కతో చాసీ దూలాలు ఒంటరిగా మొత్తం బరువు మొయ్యాలి. బాడీ కట్టేవాడు కూడా తన చెక్క చట్రం విడిపోకుండా తన జాగ్రత్త తను పడాలి. రెండు జాగ్రత్తలూ కలిస్తే బండి బరువు రెండు టన్నులు దాటేది.

దీన్ని అంబారీ ఏనుగు అనవచ్చు. ఠీవిగా ఉంటుంది, కాదనను. కానీ ఏనుగు నడకలోని సుఖం అంబారీలో ఉన్నవాడికి, కష్టం మావటికి. స్టీరింగు బరువుని భుజాలతో తిప్పేది యజమాని కాదు, జీతగాడు. బొమ్మల పుస్తకాలు ఈ సంగతి ఎత్తవు. ఒక యంత్రం ఎంత బాగుందని అడిగేటప్పుడు, అందులో ఏ సీట్లో కూర్చుని అడుగుతున్నామో కూడా చెప్పుకోవడం న్యాయం.

ఈ ఏనుగులు చాలావరకు ఇటలీలో ఉండిపోలేదు. వాటికి అతి ముఖ్యమైన బజారు అమెరికా. రుడాల్ఫ్ వాలెంటీనో లాంటి హాలీవుడ్ తారల దగ్గర ఇసొట్టాలుండేవి. ఇక్కడ వలసవచ్చినవాడిగా నేను ఒక తేదీ దగ్గర ఆగకుండా ఉండలేను. 8ఏ వచ్చిన 1924లోనే అమెరికా తన వలస చట్టాన్ని బిగించింది. ఆ చట్టం కింద ఇటలీ మొత్తానికి ఏడాదికి ఇచ్చిన కోటా 3,845 మంది. ఆసియా వాళ్ళకి, అంటే మనకి, తలుపు దాదాపు పూర్తిగా మూసేసింది కూడా ఆ చట్టమే. మిలాన్ నుంచి వచ్చే కారుకి రేవులో స్వాగతం, ఆ కారు చేసిన కూలివాడి తమ్ముడికి మాత్రం కోటా. వాలెంటీనో కూడా ఇటలీ నుంచి 1913లో వచ్చిన వలసవాడే. పదకొండేళ్ళు ఆలస్యంగా బయల్దేరి ఉంటే ఏమయ్యేవాడో!

*

రెండో జవాబు లాంచా లాంబ్డా. అసలు అతుకే వద్దంది.

వించెంజో లాంచా ఫియట్ కంపెనీకి పందాలు నడిపినవాడు. 1906లో టూరిన్‌లో సొంత కంపెనీ పెట్టాడు. చాసీ లేకుండా, బాడీయే మొత్తం బలాన్ని మోసేలా ఒక ఆలోచనకి 1918లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మాటకి పడవని తీసుకోండి. పడవ కింద వేరే దూలాలుండవు, దాని డొప్పే దాని బలం. బత్తిస్తా ఫాల్కెత్తో అనే యువకుడు గీతలు గీశాడు. 1922లో పారిస్ ప్రదర్శనలో జనం ఆ కారుని చూశారు.

లాంబ్డాలో పక్క గోడలు లోతైన ఉక్కు రేకు. సీటు వెనక ఆనుకునే పలక అలంకారం కాదు, రెండు పక్కలనీ కలిపి పట్టుకునే అడ్డగోడ. ఇంజను నుంచి వెనక చక్రాలకి వెళ్ళే ఇరుసు కారు మధ్యలో ఒక సొరంగంలోంచి పోతుంది. అందుకని మనుషులు ఆ ఇరుసు మీద కాక, దానికి అటూ ఇటూ కిందకి దిగి కూర్చుంటారు. కారు ఎత్తు ఒక్కసారిగా తగ్గింది. అప్పటి మిగతా కార్ల పక్కన పెట్టి చూస్తే, వాళ్ళందరూ కుర్చీల్లో, వీళ్ళు చాప మీద కూర్చున్నట్టు ఉంటుంది.

ముందు చక్రాలు రెండూ దేనికది ఒక నిట్టనిలువు గొట్టం మీద పైకీ కిందకీ జారతాయి. ఒక చక్రం గుంటలో పడితే రెండోది చలించదు. ఇంజనులో నాలుగు సిలిండర్లు. వాటిని ‘వి’ ఆకారంలో, కానీ 13 డిగ్రీల ఇరుకు కోణంలో అమర్చారు. కాబట్టి ఇంజను పొట్టిగా ఉంది, రెండు వరసలకీ ఒకటే సిలిండర్ హెడ్ సరిపోయింది. 2.1 లీటర్లు, 49 హార్స్‌పవర్. ఇసొట్టా ముందు ఇది పిల్ల కాలవ. అయినా లాంబ్డా గంటకి 110 కిలోమీటర్లు దాటేది. మలుపుల్లో ఒదిగిపోయేది. బలం పెంచకుండా బరువు తగ్గించి తెచ్చిన వేగం అది.

నేను లాంబ్డాని మెచ్చుకునేది ఇందుకే. అందులో ఒక్కో భాగం రెండు మూడు పనులు చేస్తుంది. గోడ గోడే, దూలమూ అదే. సీటు సీటే, అడ్డగోడా అదే. మంచి పద్యంలో యతి కోసం వేసిన మాట అర్థానికీ పనికొచ్చినట్టు ఉంటుంది. ఇసొట్టాలో మాటకి ఒకటే పని, అందుకని మాటలెక్కువ.

మరి ఇంత గొప్పదైతే ఏమైంది? ఇక్కడే లాంబ్డా లోపం కూడా చెప్పాలి. బలమంతా పక్క గోడల్లో ఉంది కాబట్టి ఆ గోడల్ని ఎవరూ తమ ఇష్టానికి కొయ్యడానికి లేదు. తలుపులు చిన్నవి. కప్పు లేని బండి. కప్పు కావాలంటే విడిగా చేసిన గట్టి టోపీ ఒకటి తెచ్చి బిగించుకోవాలి. అందరికీ ఒకటే బాడీ. డబ్బున్నవాడు డబ్బిచ్చేది తన కారు పక్కవాడి కారులా ఉండకూడదనే. బాడీలు కట్టేవాళ్ళకి ఇందులో చెయ్యడానికి పనే లేదు. చివరికి లాంచాయే దిగొచ్చాడు. 1926లో వచ్చిన ఏడో సిరీస్ నుంచీ కావలసినవాళ్ళకి విడి చాసీ కూడా అమ్మాడు. 1929లో డబ్బున్నవాళ్ళ కోసం చేసిన డైలాంబ్డాకి 4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టి, మళ్ళీ విడి చాసీయే ఇచ్చాడు. దాన్ని మొదట చూపించింది న్యూయార్క్‌లో.

దీన్ని ఓటమి అంటారు కొందరు విమర్శకులు. నేననను. లాంబ్డా తొమ్మిది సిరీస్‌లుగా 1931 దాకా, పదకొండు వేలకి పైగా తయారైంది. కోటీశ్వరులు వద్దన్నదాన్ని డాక్టర్లూ లాయర్లూ కొన్నారు. విలాసం అంటే వేరుగా కనిపించడమే అనుకునేవాళ్ళని అది ఒప్పించలేకపోయింది, అంతే. అది వాళ్ళ లెక్కలో తప్పు గానీ కారులో లోపం కాదు.

*

మూడో జవాబు మిలాన్‌లోనే మళ్ళీ పుట్టింది. అతుకు ఉండనీ, కానీ దాన్ని ఈకంత తేలిక చెయ్యి అని.

ఆల్ఫా రోమియోలో ఇంజన్లు గీసినవాడు విత్తోరియో యానో. 1923లో ఫియట్ నుంచి వచ్చాడు. అతను చేసిన పీ2 రేసు కారు 1925లో మొట్టమొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచింది. 1931లో అతని 8సీ 2300లో ఎనిమిది సిలిండర్లూ వరసగానే ఉన్నాయి. అయితే పొడుగాటి ఇరుసుకి ఒక జబ్బుంది. వేగంగా తిరిగితే తడిగుడ్డలా మెలితిరుగుతుంది. యానో సిలిండర్లని నాలుగూ నాలుగుగా రెండు దిమ్మలు చేసి, పైన వాల్వులు తిప్పే పళ్ళచక్రాలని వాటి నడుమ పెట్టాడు. ఇరుసు చివరినుంచి కాక నడుమ నుంచి కదలిక తీసుకుంటే ఆ మెలిక బాధ తగ్గుతుంది. ఇది ఒక గీతలో తీరిపోయిన చిక్కు. ఇలాంటివి చూసినప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లుతాయంటే మా ఇంట్లో నవ్వుతారు.

దాని వంశంలో చివరిది 8సీ 2900బీ. 1937 నుంచి తయారైంది. 2.9 లీటర్లు, రెండు సూపర్‌ఛార్జర్లు, 180 హార్స్‌పవర్. నాలుగు చక్రాలూ దేనికవే కదులుతాయి. గేర్‌బాక్సు బరువు సమానంగా పడేందుకు వెనకాల పెట్టారు. పందెపు కారు ఒంటిమీద షికారు కారు బట్టలు తొడిగారన్నమాట. ఆ బట్టలు కుట్టింది ఎక్కువగా కరొజ్జేరియా టూరింగ్.

టూరింగ్‌ని 1926లో మొదలుపెట్టినవాళ్ళు ఫెలీచే బియాంకీ అందర్లోని, గయెతానో పొంజోని. మొదట్లో వేమాన్ పద్ధతి పాటించారు. చెక్క చట్రం మీద రేకు బదులు గుడ్డ బిగిస్తారు. ఇది విమానాల నుంచి వచ్చిన బుద్ధి. 1936 నాటికి ఆ ఆలోచనని ఉక్కులోకి తెచ్చి, సూపర్‌లెజ్జేరా అని పేరు పెట్టుకున్నారు. అంటే అతి తేలికైనది. వేలి లావు సన్నటి గొట్టాలతో ముందు కారు ఆకారాన్ని గాలిలో గీస్తారు. దాని మీద పల్చటి అల్యూమినియం రేకు చేత్తో కొట్టి తొడుగుతారు. దసరాకి బొమ్మ చేసేవాడు ముందు వెదురు బద్దలతో ఆకారం కట్టి పైన కాగితం అంటించడం చూశారు కదా, అదే కిటుకు.

ఇందులో తెలివి ఏమిటంటే బాడీ చాసీకి బలం ఇవ్వదు, కానీ భారమూ కాదు. లాంచా అతుకుని తీసేస్తే స్వేచ్ఛ పోయింది. ఇసొట్టా ఉంచితే బరువు పెరిగింది. టూరింగ్ స్వేచ్ఛని ఉంచి బరువుని తీసేసింది. గాలి ఎటు పోతే రేకు అటు వంగింది. ఆ కారు అందం తరవాత అద్దిన అందం కాదు. తక్కువ బరువు, తక్కువ గాలి నిరోధం అన్న రెండు లెక్కలకి వచ్చిన జవాబు.

*

ఫిలడెల్ఫియాలో సిమియోన్ మ్యూజియం అని ఉంది. ఒక న్యూరోసర్జన్ జీవితమంతా పోగుచేసిన పందెపు కార్లతో 2008లో తెరిచారు. అక్కడ మిల్లె మిలియా పందెం కోసం తయారైన 8సీ 2900బీ ఒకటుంది. కొన్ని శనివారాలు కొన్ని కార్లని వెనక ఖాళీ స్థలంలోకి తెచ్చి నిజంగా నడుపుతారు. ఒకసారి మా గుంటూరు మిత్రుడిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, “బాగుంది గానీ గురువుగారూ, ఇన్ని తెలివితేటలూ ఎవరి కోసమండీ? ముప్ఫై మంది మహరాజుల కోసమా?” అన్నారు.

ఈ ప్రశ్నని తప్పించుకుంటే నా విమర్శ కూడా బొమ్మల పుస్తకమే అవుతుంది. 2900బీలు తయారైంది నిజంగానే ముప్ఫై పైచిలుకు. వాటికి డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది? ఆల్ఫా రోమియో 1933లో ప్రభుత్వ సంస్థ ఐఆర్ఐ చేతిలోకి వెళ్ళింది. అప్పటి ప్రభుత్వం ముసోలినీది. పందాల్లో ఎర్ర కార్లు గెలిస్తే ఫాసిస్టు పాలనకి ఊరేగింపు. కార్లు లాభం తేనక్కర్లేదు. ఫ్యాక్టరీని పోషించింది విమానాల ఇంజన్లు. ఇసొట్టా కథా అంతే. 1929 తరవాత అమెరికాలో డబ్బు ఎండిపోయి ఏనుగులు కొనేవాళ్ళు కరువయ్యారు. ఫోర్డ్‌తో పొత్తు పెట్టుకోబోతే రోము ఒప్పుకోలేదు. చివరికి విమానాలు చేసే కప్రోనీ చేతికి పోయింది. 1933లో ఇతాలో బల్బో 24 సముద్ర విమానాలు వేసుకుని అట్లాంటిక్ దాటి షికాగో వచ్చాడు. వాటి ఇంజన్లు ఇసొట్టావే. విలాసం నేర్పిన పనితనం యుద్ధానికి కొలువు చేసింది. 2900బీ అందాన్ని చూసేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన రాసుకోవాలి. అందాన్ని కొట్టెయ్యమని కాదు. ఖరీదు ఎవరు కట్టారో తెలియకుండా ఏ విలాసాన్నీ తూచలేమని.

ఆ తూకంలో నాకు లాంబ్డా మళ్ళీ పైకి తేలుతుంది. మా మిత్రుడి ప్రశ్నకి మూడు కార్లలో దాని దగ్గర మాత్రమే జవాబుంది. దాని ఆలోచన పైనుంచి కిందకి నడిచింది. 1933లో లాంచా అగస్టా అనే చిన్న కారు కప్పుతో సహా ఒకే డొప్పగా వచ్చింది. కప్పు పెడితే ఎలా అన్న లాంబ్డా చిక్కు అక్కడ విడిపోయింది. 1937లో ఆప్రిలియా వచ్చింది. 1.35 లీటర్ల ఇంజను, గాలి సొరంగంలో దిద్దిన ఆకారం, రెండు తలుపుల నడుమ స్తంభం కూడా లేని డొప్ప. అంత చిన్న కారులో నాలుగు చక్రాలూ దేనికవే కదిలేవి. వించెంజో లాంచా దాన్ని బజారులో చూడకుండానే ఆ ఫిబ్రవరిలో పోయాడు. యానో ఆల్ఫాని వదిలి అదే ఏడు లాంచా కంపెనీలో చేరాడు. మూడో జవాబు చెప్పినవాడు రెండో జవాబు ఇంటికి వెళ్ళాడు.

ఈ రోజు మన గరాజుల్లో ఉన్న క్యామ్రీలూ అకార్డులూ అన్నీ చాసీ లేని కార్లే. గోడే దూలం. ఈ మధ్య బ్యాటరీ కార్లు వచ్చాక, బ్యాటరీ పలక మీద బాడీ విడిగా పెట్టాలా, బ్యాటరీనే బాడీలో కలిపెయ్యాలా అని పాత వాదన మళ్ళీ లేచింది. వంద ఏళ్ళ కిందట టూరిన్‌లో ఒకాయన అడిగిన ప్రశ్న ఇంకా పాతబడలేదు.

కాలిఫోర్నియా పెబుల్ బీచ్‌లో ఏటా పాత కార్ల అందాల పోటీ జరుగుతుంది. 2008లోనూ 2018లోనూ మొదటి బహుమతి టూరింగ్ బాడీ ఉన్న 8సీ 2900బీలకే వచ్చింది. నాకు అభ్యంతరం లేదు. వాటికి రాక ఇంకెవరికి వస్తుంది? నేను కోరేది ఒకటే. ఈసారి ఏ మ్యూజియంలోనైనా ఇలాంటి కారు ముందు నిలబడితే, ఫొటో తీసుకోవడం అయ్యాక ఒక్కసారి మోకాళ్ళ మీద కూర్చుని కిందకి చూడండి. రేకు ఎక్కడ ఆగింది, దూలం ఎక్కడ మొదలైంది, రెండింటి మధ్యా ఏముంది అని వెతకండి. ఏమీ కనిపించకపోతే మీరు నిలబడింది లాంబ్డా దగ్గర అని అర్థం.